ఆకర్షణ, అర్హత: ఓటరు తూకంలో ఏది ఎంత?

2014 ఏప్రిల్ 17న బెంగళూరు దక్షిణ లోక్‌సభ నియోజకవర్గంలో జరిగిన పోలింగు, విద్యావంతుల నగరమని పేరు పొందిన ఈ ఊరికి ఒక పరీక్ష వంటిది. ఒక వైపు నందన్ నీలేకని: ఐఐటీ బొంబాయి పట్టభద్రుడు, ఇన్ఫోసిస్ స్థాపకులలో ఒకరు, ఆధార్ సంస్థకు తొలి అధ్యక్షుడు. మరొక వైపు అనంతకుమార్: 1996 నుండి అదే స్థానాన్ని వరుసగా గెలుచుకుంటూ వచ్చిన పార్లమెంటు సభ్యుడు. సుమారు 2.28 లక్షల ఓట్ల ఆధిక్యంతో అనంతకుమార్ గెలిచారు. చదువుకున్న నగరం అంతటి ప్రతిభావంతుని ఎందుకు కాదన్నదని ఆశ్చర్యపడేవారు నేటికీ ఉన్నారు.

ఆ ఆశ్చర్యానికి మూలం ప్రశ్న వేసిన తీరులోనే ఉన్నది. త్రాసులో ఒక పళ్లెంలో ఆకర్షణ, రెండవ పళ్లెంలో అర్హత ఉంటాయనీ, ఓటరు ఏదో ఒక దానిని ఎంచుకుంటాడనీ మనం అనుకుంటాము. బెంగళూరు దక్షిణంలో ఓటరు తూచినది అవి కాదు. పద్దెనిమిది సంవత్సరాల పాటు ఒకే నియోజకవర్గంలో తిరిగిన మనిషికి ఆ ప్రాంతంతో ఏర్పడిన పరిచయం కూడ ఒక అర్హతే. దానికి తోడు ఆ యేడు దేశమంతటా ప్రధానమంత్రి అభ్యర్థి పేరు మీదనే ప్రచారం సాగింది. అంటే స్థానిక అభ్యర్థికి తన ఆకర్షణ కాక, అరువు ఆకర్షణ కూడ దొరికింది. ఈ అరువు ఆకర్షణ మన ఎన్నికలలో చాల పెద్ద వస్తువు. గుర్తు మీద నొక్కిన వేలు అనేక పర్యాయములు అభ్యర్థి పేరును చదివి ఉండదు.

పదేళ్ల తరువాత, 2024లో, బెంగళూరు గ్రామీణ నియోజకవర్గంలో దీనికి భిన్నమైన ఫలితం వచ్చింది. జయదేవ హృద్రోగ సంస్థకు చిరకాలం సంచాలకులుగా పనిచేసి పదవీ విరమణ చేసిన డాక్టర్ సి.ఎన్. మంజునాథ్, సిట్టింగ్ సభ్యుడైన డి.కె. సురేశ్‌ను సుమారు 2.69 లక్షల ఓట్ల తేడాతో ఓడించారు. ఆయన వెనుక రెండు పార్టీల పొత్తు ఉన్నది, మాజీ ప్రధాని దేవెగౌడ కుటుంబంతో బంధుత్వమూ ఉన్నది. కనుక కేవలం వైద్య పట్టా గెలిచిందని చెప్పడం సరికాదు. అయితే నీలేకని అర్హతకూ మంజునాథ్ అర్హతకూ ఒక తేడా కనిపిస్తుంది. ఆధార్ కార్డు ప్రతి ఇంటిలోనూ ఉన్నది గాని, దానిని ఇచ్చిన మనిషి ఎవరో ఆ ఇంటికి తెలియదు. జయదేవ ఆసుపత్రి వరండాలో తండ్రి కోసమో అత్తగారి కోసమో రాత్రంతా కూర్చున్న కుటుంబానికి మాత్రం ఆ సంస్థను నడిపిన పెద్ద డాక్టరు పేరు తెలుసు. అర్హత ఓటుగా మారాలంటే అది ఓటరు అనుభవంలోకి రావలసి ఉంటుంది. వివరపత్రంలో ఉన్నంతకాలం అది ఉద్యోగానికి పనికి వస్తుంది, అంతే.

ఇక ఆకర్షణ అనే మాటను చూద్దాము. జర్మను సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో మ్యూనిక్‌లో విద్యార్థుల ఎదుట ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసంలో అధికారానికి మూడు ఆధారాలను పేర్కొన్నాడు. తరతరాల ఆచారం వలన వచ్చేది ఒకటి. చట్టం, నియమాల వలన వచ్చేది ఒకటి. ఒక వ్యక్తిలో అసాధారణమైన శక్తి ఉన్నదని జనులు నమ్మడం వలన వచ్చేది మూడవది. ఈ మూడవ దానికే ఆయన కరిష్మా అని పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు దైవమిచ్చిన వరమని అర్థం. వెబర్ ఆలోచనలో తరచుగా మరపునకు వచ్చే అంశం ఒకటున్నది: ఈ ఆకర్షణ నిలకడ లేనిది. అది కొంతకాలానికి సంస్థగానో, వారసత్వంగానో, నియమాలుగానో రూపు మార్చుకొనవలసినదే. లేనిచో ఆవిరి అవుతుంది.

తెలుగువారికి ఈ సిద్ధాంతం చదువనక్కరలేదు, చూచినవారే. 1982 మార్చి 29న నందమూరి తారక రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. 1983 జనవరిలో, అంటే పది నెలలు కూడ నిండకుండానే, 294 స్థానాల శాసనసభలో ఆ పార్టీ రెండు వందలకు పైగా స్థానాలు గెలుచుకున్నది. దీనిని కృష్ణుడి వేషానికి పడిన ఓటుగా వర్ణించడం తేలిక. అది సగం నిజం. మిగిలిన సగం ఏమంటే, 1978 నుండి 1983 వరకు ఐదేళ్ల వ్యవధిలో ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు ముఖ్యమంత్రులు మారారు. రాష్ట్రాన్ని ఎవరు పాలించాలో ఢిల్లీలో నిర్ణయమవుతున్నదనే అసంతృప్తి బలంగా ఉన్నది. రామారావు ఆ అసంతృప్తికి ఆత్మగౌరవం అనే పేరు పెట్టి, మార్చిన పాత షెవ్రొలే వ్యానుపై ఊరూరా తిరిగి చెప్పారు. ఆకర్షణ నిప్పు రవ్వ వంటిది. ఎండుగడ్డి ముందే పేరుకుని ఉన్నది.

ఆయన అర్హత మాటేమిటి? గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల పట్టభద్రుడు. పోటీ పరీక్ష నెగ్గి సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో చేరి, కొద్ది వారాలకే దానిని వదలి సినిమాలకు వెళ్లినవారు. ఆ రోజులలో అది సామాన్యమైన యోగ్యత కాదు. అయినప్పటికీ 1983లో ఆయనకు ఓటు వేసినవారిలో ఆ పట్టాను లెక్కించినవారు ఎందరుంటారు? పాలనానుభవం బొత్తిగా లేని ఆయనను ఓటర్లు ఆ లోటు తెలిసే ఎన్నుకున్నారు. మరి ఆ తరువాత ఏమి తూచారో చూడాలి. రెండు రూపాయలకు కిలో బియ్యం, కరణం మునసబుల వ్యవస్థ రద్దు, మండలాల ఏర్పాటు, ఆడపిల్లలకు పిత్రార్జితంలో హక్కు: ఇవన్నీ పనులు. 1984 ఆగస్టులో ఆయనను పదవి నుండి తొలగించినప్పుడు జనం వీధులలోకి వచ్చారు, నెల రోజులకు ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. 1985లో మళ్లీ గెలిపించారు. అదే జనం 1989లో ఓడించారు. కల్వకుర్తిలో స్వయంగా ఆయననే ఓడించారు, హిందూపురంలో మాత్రం గెలిపించారు. 1994లో మరల భారీ మెజారిటీతో అధికారమిచ్చారు. వేషం చూసి మోసపోయే గుంపు ఇట్లా ప్రవర్తించదు. మొదటి పర్యాయం ముఖం చూచి అవకాశమిచ్చినా, రెండవ పర్యాయం నుండి లెక్క అడిగింది.

కల్వకుర్తిలో ఓడిన యేడే హిందూపురంలో ఎట్లా గెలిచారన్నది బెంగళూరులోని తెలుగువారిలో చాలమందికి దగ్గరి విషయం, ఎందుకంటే వారిలో అనేకులది హిందూపురమో దాని చుట్టుపక్కల పల్లెలో. 1985 నుండి ఆ స్థానం రామారావుకు కంచుకోట. తరువాత ఆయన కుమారులు హరికృష్ణ, బాలకృష్ణ కూడ అక్కడ గెలిచారు. ఆకర్షణ వారసత్వంగా మారడమన్న వెబర్ మాటకు వంద కిలోమీటర్ల దూరంలోనే నిదర్శనం ఉన్నది.

కర్ణాటకలో అదే 1982లో మరొక చిత్రమైన దృశ్యం కనిపించింది. కన్నడ భాషకు ప్రథమ స్థానం కోరిన గోకాక్ ఉద్యమానికి డాక్టర్ రాజ్‌కుమార్ నాయకత్వం వహించారు. ఆయన సభలకు వచ్చిన జనసంఖ్య ఏ పార్టీకైనా అసూయ కలిగించేది. అయినా ఆయన జీవితాంతం ఎన్నికలలో నిలబడలేదు. ఆకర్షణ ఉన్నవారందరూ పదవి కోరరు, కోరిన వారందరికీ దక్కదు. నటుడు అనంత్ నాగ్ 1994లో మల్లేశ్వరంలో గెలిచి మంత్రి అయ్యారు, 2004లో చామరాజపేటలో ఓడిపోయారు. తెలుగు ప్రేక్షకులకు ఇంటి మనిషి వంటి ప్రకాశ్ రాజ్ 2019లో బెంగళూరు సెంట్రల్‌లో స్వతంత్రుడుగా నిలిచి ధరావతు కోల్పోయారు. అదే ఎన్నికలో తెలుగు చిత్రాలలో పేరుపొందిన సుమలత మండ్యలో స్వతంత్ర అభ్యర్థిగా గెలిచారు. అక్కడ ఆమె ప్రత్యర్థి కూడ నటుడే. ఆమె భర్త అంబరీశ్‌తో మండ్యకు ఉన్న అనుబంధమూ, ఆయన మరణానంతర సానుభూతీ పనిచేశాయి. సినిమా ముఖం ఎక్కడైనా చెల్లే నాణెం కాదు. ఏ ఊరిలో చెల్లుతుందో ఆ ఊరితో ఉన్న సంబంధం నిర్ణయిస్తుంది.

ఈ విషయంలో 2009 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలను శ్రద్ధగా చూడవలసి ఉన్నది. చిరంజీవి 2008 ఆగస్టు 26న తిరుపతిలో ప్రజారాజ్యం పార్టీని ప్రకటించినప్పుడు వచ్చిన జనాన్ని చూచి 1982 తిరిగి వచ్చిందనుకున్నవారు ఎందరో. తీరా 294లో ఆ పార్టీకి వచ్చినవి 18 స్థానాలు. తిరుపతిలో గెలిచిన చిరంజీవి, స్వంత ప్రాంతమైన పాలకొల్లులో ఓడిపోయారు. 2011లో పార్టీ కాంగ్రెసులో విలీనమైంది. అదే ఎన్నికలో అర్హతను ముందుంచుకున్న పార్టీ కూడ ఒకటి పోటీ చేసింది. వైద్య విద్య చదివి, ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఆ ఉద్యోగం వదలి పాలనా సంస్కరణల కోసం ఉద్యమించిన జయప్రకాశ్ నారాయణ స్థాపించిన లోక్‌సత్తా అది. రాష్ట్రమంతటా గెలిచినది ఒకే ఒక స్థానం: కూకట్‌పల్లిలో ఆయన స్వయంగా. కూకట్‌పల్లి ఎక్కడెక్కడి జిల్లాల నుండో వచ్చి స్థిరపడిన ఉద్యోగులూ చిన్న వ్యాపారులూ నిండిన చోటు. మారతహళ్లి, బీటీఎం లేఔట్ వంటిదే.

ఆకర్షణ నిండుగా ఉన్న పార్టీకీ, అర్హత నిండుగా ఉన్న పార్టీకీ కూడ 2009లో కొరవడినది ఒక్కటే: పోలింగు బూతు దాక విస్తరించిన కార్యకర్తల యంత్రాంగం. సభకు వచ్చిన మనిషి ఓటు వేసే రోజున ఇంటి నుండి బయలుదేరాలి. ఆ పనిని ముఖమూ చేయదు, పట్టా చేయదు. ఇటీవలి ఉదాహరణ కూడ ఇదే చెబుతుంది. 2019లో పవన్ కల్యాణ్ పోటీ చేసిన రెండు స్థానాలలోనూ ఓడిపోయారు. 2024లో పొత్తులో భాగంగా ఆయన పార్టీ పోటీ చేసిన 21 శాసనసభ స్థానాలూ గెలిచింది. ఐదేళ్లలో ఆయన ఆకర్షణ మారలేదు, దానిని మోసే భుజాలు మారాయి.

పి.వి. నరసింహారావు కథ దీనికి మరొక కొస. బహుభాషావేత్త, విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను హిందీలోకి అనువదించిన సాహిత్యవేత్త, కేంద్ర రాష్ట్రాలలో దీర్ఘకాలం మంత్రిగా పనిచేసినవారు. జనసమ్మోహనం ఆయన సొత్తు కాదు. 1991లో ప్రధానమంత్రి అయిన తరువాత నంద్యాల ఉపఎన్నికలో ఐదు లక్షలకు మించిన మెజారిటీతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడన్న అభిమానంతో తెలుగుదేశం అక్కడ అభ్యర్థిని నిలపలేదు. అంతటి అర్హత గల వ్యక్తికి కూడ ఆ రికార్డు మెజారిటీ వచ్చినది అర్హత పేరున కాదు, ‘మనవాడు’ అనే మాట పేరున.

ముఖం చూచి బొట్టు పెట్టడమనే సామెత ఉన్నది మనకు. ఆ అలవాటు ఎంత లోతైనదో కొందరు పరిశోధకులు పరీక్షించారు. 2005లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెగ్జాండర్ తొదొరోవ్ బృందం, అమెరికా సెనేటు అభ్యర్థుల ఫోటోలను వారెవరో తెలియని వారికి క్షణకాలం చూపి, ఎవరు సమర్థులుగా కనిపిస్తున్నారని అడిగింది. దాదాపు పదింట ఏడు పోటీలలో వారు ఎంచినవారే వాస్తవంలో గెలిచినవారు. 2009లో స్విట్జర్లాండులో పిల్లలకు ఫ్రాన్సు ఎన్నికల అభ్యర్థుల ఫోటోలు చూపి, సముద్రయానానికి మీ ఓడకు ఎవరిని నాయకునిగా పెట్టుకుంటారని అడిగారు. ఫలితం ఇంచుమించు అదే. గమనించవలసినదేమంటే, చూచినవారు అందాన్ని కాదు, సామర్థ్యాన్నే వెతికారు. అయితే దానిని ముఖంలో వెతికారు. ఓటరు అర్హతను పట్టించుకోడనడం న్యాయం కాదు. అర్హతను తెలుసుకునే దారి దగ్గరలో లేనప్పుడు ముఖాన్నే దానికి గుర్తుగా తీసుకుంటాడు. కూడలిలో కట్టిన ఫ్లెక్సీ ఈ బలహీనతను బాగుగా ఎరుగును.

మరి చట్టమే అర్హతను నిర్ణయించరాదా? ఈ కోరిక కొత్తది కాదు. 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ ముగింపు ప్రసంగంలో డాక్టర్ రాజేంద్రప్రసాద్, చట్టాలను అమలు జరిపేవారికి ఉన్నతమైన అర్హతలు కోరుతూ, వాటిని చేసేవారికి మాత్రం ఏ అర్హతా నిర్ణయించలేకపోయామని విచారం వెలిబుచ్చారు. వయస్సు, పౌరసత్వం వంటి కొద్ది నియమాలే మిగిలాయి: లోక్‌సభ, శాసనసభలకు 25 సంవత్సరాలు, నగరపాలక సంస్థలకు 21. హరియాణా 2015లో పంచాయతీ అభ్యర్థులకు కనీస విద్యార్హత విధించగా, సుప్రీంకోర్టు ఆ యేడు డిసెంబరులో దానిని సమర్థించింది. రాజస్థాన్ అటువంటి నియమం తెచ్చి, 2019లో తొలగించింది. బడి అందని తరంలో పుట్టిన స్త్రీకీ, దళితునికీ ఆ నియమం పోటీ హక్కునే కాజేస్తుందన్న వాదనకు బలమున్నది. చదవేస్తే ఉన్న మతి పోయినవారినీ, అక్షరం రాకపోయినా ఊరి చెరువు లెక్క నోటి చివర ఉన్నవారినీ మనం చూచియే ఉన్నాము.

చట్టం ఎంచుకున్న దారి వేరు. అర్హతను విధించక, సమాచారాన్ని విధించింది. 2002 మే 2న, మరల 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల ఫలితంగా ప్రతి అభ్యర్థి తన విద్య, ఆస్తులు, అప్పులు, క్రిమినల్ కేసులు ప్రమాణపత్రంలో వెల్లడించాలి. 2020 ఫిబ్రవరి 13న వచ్చిన మరొక తీర్పు మన చర్చకు మరింత సూటిగా తగులుతుంది. కేసులున్న వ్యక్తికి టికెట్టు ఇస్తే, ఎందుకిచ్చారో పార్టీ ప్రకటించాలి. ఆ కారణం అతని యోగ్యత, చేసిన పనులకు సంబంధించినదై ఉండాలి గాని, గెలుస్తాడన్నది కారణం కారాదు. మన పత్రికలు ‘గెలుపు గుర్రం’ అని ముద్దుగా పిలిచే దానిని న్యాయస్థానం కారణంగా అంగీకరించలేదన్నమాట.

ఇప్పుడు వార్డు స్థాయికి వద్దాము. ఈ పుస్తకం చదివేవారికి అసలు పని ఇక్కడ ఉన్నది. బెంగళూరు మహానగర పాలికెకు చివరి ఎన్నిక 2015 ఆగస్టులో 198 వార్డులకు జరిగింది. ఆ సభ్యుల పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిసిన తరువాత యేళ్ల తరబడి నగరాన్ని పరిపాలనాధికారులే నడిపారు. 2025 సెప్టెంబరులో నగరం ఐదు నగరపాలక సంస్థలుగా ఏర్పడింది. వార్డులు చిన్నవయ్యాయి, అభ్యర్థి ఇంటి గుమ్మానికి దగ్గరయ్యాడు. అయినా వలస వచ్చిన తెలుగు ఓటరుకు ఒక చిక్కు. స్వగ్రామంలో అభ్యర్థి తాత ఎవరో కూడ తెలుసు. ఇక్కడ ముఖమూ తెలియదు, అర్హతా తెలియదు. అందువలన అనేకులు ఓటును సొంత ఊరిలోనే ఉంచుకుంటారు. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ పోలింగుకు ఇక్కడి నుండి కిటకిటలాడుతూ వెళ్లిన బస్సులు దానికి సాక్ష్యం. ఆ మమకారాన్ని తప్పుపట్టనక్కరలేదు. అయితే చట్టప్రకారం ఒక మనిషికి ఒక చోటనే ఓటు. నివాసం మార్చినవారు ఫారం 8 నింపి పేరును ఇక్కడికి మార్చుకోవచ్చు; ఎక్కడా పేరు లేనివారికి ఫారం 6. రెండు చోట్ల పేరు ఉంచుకునేందుకు తప్పుడు ప్రకటన ఇవ్వడం నేరం. పేరు సొంత ఊరిలో ఉన్నంతకాలం, ఇక్కడి వీధి చెత్త ఎవరి బాధ్యతో తేల్చే ఎన్నికలో ఆ ఇంటికి మాట ఉండదు.

పేరు మార్చుకున్నవారికి ఎదురయ్యే మొదటి ప్రలోభం నంద్యాలలో చూచినదే: తెలుగు మాట్లాడే అభ్యర్థి. గుమ్మంలో నిలిచి ‘బాగున్నారా అక్కా’ అని పలకరించిన మనిషి మీద అభిమానం కలగడం సహజం. కాని కార్యాలయంలో ఫైలు కన్నడంలో ఉంటుంది. దానిని చదివి, సభలో కన్నడంలో నిలదీయగలవారు ఎవరైనా, వారి మాతృభాష ఏదైనా, తెలుగు వీధికి కూడ నీరు తేగలరు. మరొక విషయం. 2015లో సగం వార్డులు స్త్రీలకు కేటాయించబడ్డాయి. కొన్ని చోట్ల ప్రచార చిత్రంలో అభ్యర్థినికంటె ఆమె భర్త ఫోటోయే పెద్దదిగా కనిపిస్తుంది. అక్కడ ఎవరి అర్హతను తూచాలో ఓటరే అడిగి తేల్చుకోవాలి: సమావేశానికి ఎవరు వస్తారు, ఫోను ఎవరెత్తుతారు?

అడగడానికి పెద్ద ప్రశ్నలేవీ అక్కరలేదు. మురుగునీటి భూగర్భ గొట్టాలు, తాగునీరు జలమండలివి. రోడ్డు పక్క వాన నీటి కాలువలు, వీధిదీపాలు, వార్డు రోడ్లు నగరపాలక సంస్థవి. కరెంటు బెస్కాంది. వాన పడిన రాత్రి ఇంటిలోకి నీరు వచ్చినప్పుడు అది కాలువ నీరా, మురుగునీరా అన్నదానిని బట్టి వెళ్లవలసిన కార్యాలయం మారుతుంది. ఓటడగ వచ్చిన అభ్యర్థిని, మా వీధిలో నీరు నిలిచింది, ఎవరి పని ఇది అని అడిగి చూడవచ్చు. ‘నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి’ అని చేతులు జోడించేవారు ఒకరుండవచ్చు. ‘ఆ మూతను ఎత్తి చూడండి, అది జలమండలి మూతా, మన కాలువదా?’ అని తిరిగి అడిగేవారు మరొకరుండవచ్చు. ఆ వార్డు కమిటీ ఎప్పుడు కూడుతుందో, అందులో స్థానిక నివాసులకు ఎన్ని చోట్లున్నాయో కూడ అదే గుమ్మంలో అడగవచ్చు. ప్రమాణపత్రంలో రాయనవసరం లేని అర్హతలు ఇవి. అడిగేవారికి మాత్రమే తెలుస్తాయి.